చేపల తొట్టిలో పాచి బెడద



ఈవేళ మీతో పాచి గురించి నాలుగు మాటలు చెప్పుకుందామనుకుంటున్నాను. "పాచి గురించి చెప్పేదేముంది, గోలెం తోమినప్పుడల్లా చూసేదేగా!" అంటారేమో. నిజమే. మన నల్లగొండ, పాలమూరు ఆడవాళ్ళకు నీళ్ళ సంగతి ఒకరు నేర్పవలసిన పని లేదు. బాయిలో నీళ్ళు చేదుకున్న రోజులు, బోరింగు దగ్గర బిందెలు వరుసపెట్టిన రోజులు, ఇప్పుడు ఇంటి ముందుకు నల్లా వచ్చిన రోజులు – అన్నీ చూసినవాళ్ళం. గోలెంలో పాకురు పడితే ఇంత ఇసుకా, కొబ్బరిపీచూ వేసి గట్టిగా తోమి, బోర్లించి ఎండలో పెడతాం. దాంతో ఆ తంటా తీరిపోతుంది.

కాని ఈమధ్య మన ఇళ్ళలోకి ఇంకో తొట్టి వచ్చింది. దాన్ని బోర్లించి తోమడానికి వీలులేదు. అదే అద్దాల చేపల తొట్టి, అక్వేరియం. హైదరాబాదులోనే కాదు, మిర్యాలగూడలో, దేవరకొండలో, వనపర్తిలో కూడా ముందుగదిలో టీవీ పక్కన అది కనిపిస్తోంది. పుట్టినరోజుకు పిల్లలు అడుగుతారు, తండ్రి తెచ్చిపెడతాడు, వారం రోజులు ఇంటిల్లిపాదీ దాని ముందే కూర్చుంటారు. ఆ తర్వాత దాని చాకిరీ ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు గదా!

నెల తిరిగేసరికి అద్దం మసకబారుతుంది. గులకరాళ్ళ మీద ఆకుపచ్చగా, నల్లగా ఏదో పేరుకుంటుంది. అంగట్లో అడిగితే రెండు ఉపాయాలు చెబుతారు. ఒకటి, సీసాలో మందు. రెండోది, "ఈ చేపను వెయ్యండమ్మా, పాచంతా ఇదే తినేస్తుంది" అని ఒక నల్ల చేప. చవకగా వస్తుంది, పిల్లలకూ వింతగా ఉంటుంది. కాని ఈ రెండో ఉపాయం మన చెరువులకు, ఆ చెరువుల మీద బతికే కుటుంబాలకు పెద్ద చేటు తెచ్చిపెట్టింది. అది ఎట్లాగో చెప్పాలంటే, ముందు పాచి అంటే ఏమిటో, అది ఎందుకు పడుతుందో చూడాలి.

పాచి కూడా పైరులాంటిదే

పాచిని, నాచును మన పిల్లల పుస్తకాల్లో శైవలాలు అంటారు. పేరు ఏదైనా, అది కూడా పైరులాంటిదే. పైరుకు ఏం కావాలి? వెలుతురు కావాలి, నీళ్ళు కావాలి, ఎరువు కావాలి. పొలంలో మనం యూరియా, డి.ఎ.పి. చల్లుతాం. అంటే నత్రజని, భాస్వరం. తొట్టిలో ఆ ఎరువు ఎవరు వేస్తున్నారు? మనమే! చేపలకు రోజూ వేసే మేతలో సగం తినకుండా అడుగుకు చేరి కుళ్ళుతుంది. తిన్నది వాటి రెట్టగా మారుతుంది. ఆ కుళ్ళు నుంచీ రెట్ట నుంచీ అమ్మోనియా పుడుతుంది. రాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజిలో ఉండే మంచి సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు చేపలకు అంతగా హాని చెయ్యదు గాని, పాచికి మాత్రం అదే పంచభక్ష్యం.

దీనికి తోడు మన నీళ్ళ గుణం ఒకటుంది. మన రెండు జిల్లాల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు బండ. ఆ బండల్లో నానిన నీళ్ళకు ఫ్లోరైడు పట్టింది. దాని బాధ మనకంటే బాగా తెలిసినవారు లేరు. ఫ్లోరైడు తీసివేయడానికి 1970లలో నాగపూరు 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఒక పద్ధతి కనిపెట్టి, దానికి మన నల్లగొండ పేరే పెట్టారు గదా. అదే బండలోంచి సిలికా అనే పదార్థం కూడా బోరునీళ్ళలోకి దిగుతుంది. ఇక ఎరువులు బాగా వాడే చేలకు, పేడదిబ్బలకు, మరుగుదొడ్డి గుంతలకు దగ్గరున్న బోర్లలో నైట్రేటు ముందే ఉంటుంది. అంటే బోరునీళ్ళు పోసినప్పుడే పాచికి మొదటి విడత ఎరువు పడిందన్నమాట.

ఇంకొక సంగతి. మన ఎండలకు తొట్టిలో నీళ్ళు ఆవిరై తగ్గుతాయి. తగ్గినంత మళ్ళీ పోస్తాం, నిండింది గదా అని ఊరుకుంటాం. కాని ఆవిరయ్యేది నీళ్ళే. అందులోని లవణాలు, నైట్రేటు ఎక్కడికీ పోవు. టీ కాచే గిన్నె అడుగున తెల్లటి పొలుసు కట్టినట్టే తొట్టిలోనూ అవి పోగుపడుతూనే ఉంటాయి. అందుకని తగ్గిన నీళ్ళు పోస్తే చాలదు. పాత నీళ్ళు కొంత తీసి, కొత్త నీళ్ళు పొయ్యాలి.

ఏ పాచి ఏదో పోల్చుకోవడం

జ్వరమని అన్నింటికీ ఒకే గోళీ వెయ్యం గదా. పాచి కూడా అంతే. తొట్టిలో సాధారణంగా కనిపించేవి అయిదు రకాలు.

మొదటిది గోధుమరంగు దుమ్ములాంటి పాచి. కొత్త తొట్టి పెట్టిన కొద్ది వారాల్లోనే అద్దం మీద, రాళ్ళ మీద పల్చటి పొరలా పడుతుంది. వేలితో రాస్తే పోతుంది. వీటిని డయాటంలు అంటారు. వాటి పెంకులు సిలికాతో తయారవుతాయి. కనుక మన బోరునీళ్ళంటే వాటికి ప్రాణం. దీనికి భయపడవద్దు. మెత్తటి స్పాంజితో తుడుస్తూ ఉంటే, తొట్టి కుదురుకున్నాక కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది.

రెండవది నీళ్ళే పచ్చగా మారడం. కంటికి కనిపించనంత చిన్న పాచికణాలు నీళ్ళంతా నిండిపోతాయి. తొట్టిని కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టినవారి ఇళ్ళలో ఇది తప్పదు. మట్టివల్ల మసకా, పాచివల్ల మసకా అని అనుమానం వస్తే ఒక గాజుగ్లాసులో నీళ్ళు పట్టి రాత్రంతా కదిలించకుండా ఉంచండి. మట్టయితే అడుగుకు దిగి, పైన తేట తేరుతుంది. పాచయితే పొద్దున కూడా పచ్చగానే ఉంటుంది.

మూడవది అద్దం మీద గట్టిగా అంటుకున్న ఆకుపచ్చ చుక్కలు. స్పాంజికి లొంగవు. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే ఊడివస్తాయి. ఇవి చేపలకు హాని చెయ్యవు. చూపుకు అడ్డమంతే.

నాలుగవది దారాల పాచి. తల దువ్వినప్పుడు దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్లా పోగులు పోగులుగా ఉంటుంది. పట్టుకుంటే కొన్ని జిగటగా జారతాయి, కొన్ని గరుకుగా ఉంటాయి. పాత పళ్ళ బ్రష్షు తీసుకొని సేమ్యా చుట్టినట్టు దాని చుట్టూ తిప్పండి. కుదుళ్ళతో సహా వస్తుంది. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ పెరుగుతుంది కనుక, తెగిన పోగుల్ని నీళ్ళలోనే వదిలెయ్యకుండా ఏరి తీసెయ్యాలి.

అయిదవది మాత్రం కాస్త జాగ్రత్తగా చూడవలసినది. నీలి ఛాయగల ఆకుపచ్చ రంగులో, కొన్నిసార్లు నల్లగా, తడిబట్ట పరిచినట్టు రాళ్ళ మీద పొరలా కప్పేస్తుంది. వేలితో ఎత్తితే చాపచుట్టలా లేచివస్తుంది. మురికి కంపు కొడుతుంది. నీలాకుపచ్చ పాచి అంటాం గాని, నిజానికి ఇది బాక్టీరియా జాతి. రెండు వందల కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలం కింద భూమి మీద గాలిలోకి ప్రాణవాయువును మొదట వదిలినవి ఈ జాతి జీవులే. అంత ఘనత ఉన్నా మన తొట్టిలో దానికి చోటివ్వకూడదు. అడుగున కుళ్ళు ఎక్కువైందని, నీళ్ళు కదలడం లేదని అది మనకు చెబుతున్న కబురు.

ఇదే కుదురువాళ్ళు ఎండాకాలం చెరువుల్లో కూడా కనిపిస్తారు. నీళ్ళ మీద ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టె కడుతుంది. కర్ర ముంచి తీస్తే దారాలు వేలాడితే మామూలు నాచు. పెయింటులా కర్రకు పూసుకుంటే నీలాకుపచ్చది. అందులో కొన్ని రకాలు విషం వదులుతాయి. ఆ నీళ్ళు కాచినా విషం పోదు. అటువంటి తెట్టె కట్టినచోట బర్రెల్ని, మేకల్ని నీళ్ళకు దింపవద్దు, పిల్లల్ని ఈతకు పంపవద్దు.

తీసేసే పద్ధతి

ఇక పని దగ్గరికి వద్దాం. తొట్టిలో చెయ్యి పెట్టేముందు లైటు, మోటారు ప్లగ్గులు తీసెయ్యండి. నీళ్ళూ కరెంటూ పక్కపక్కన ఉన్నచోట ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ముందుగా చేతికి అందే పాచిని చేత్తోనే తియ్యాలి. అద్దం తుడిచి, పోగులు చుట్టి తీసి, పొరలు ఎత్తెయ్యాలి. ప్లాస్టిక్ చెట్లు, బొమ్మలు ఉంటే బయటికి తీసి, నీళ్ళు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి, తోమి, బాగా కడిగి, ఎండబెట్టి పెట్టవచ్చు. అద్దం పై అంచున నీళ్ళ గీత తెల్లగా కడితే దానికీ వెనిగరే మందు. కాని ఒక్కమాట. వెనిగర్నీ బ్లీచింగు పొడినీ ఎన్నడూ కలపకండి. కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మనకే ఊపిరాడదు.

తర్వాత అడుగు మురికి. దీనికి రబ్బరు గొట్టం చాలు. వనపర్తి వైపు సరళాసాగర్ మీలో చాలామంది చూసే ఉంటారు. 1959లో ప్రారంభమైన ఆ ప్రాజెక్టులో నీళ్ళు నిండు మట్టానికి రాగానే, ఎవరూ తలుపులు ఎత్తకుండానే సైఫన్లు వాటంతటవే పనిచేసి నీళ్ళను కిందికి వదులుతాయి. మన గొట్టం కూడా ఆ సైఫన్‌కు చెల్లెలే. గొట్టం నిండా నీళ్ళు నింపి, రెండు కొనలూ బొటనవేళ్ళతో మూసి, ఒక కొన తొట్టి అడుగున, రెండో కొన కింద పెట్టిన బకెట్‌లో ఉంచి వేళ్ళు తియ్యండి. నోటితో పీల్చవలసిన అవసరమే లేదు. గులకరాళ్ళ మీదుగా గొట్టం కొన నెమ్మదిగా తిప్పుతూ పోతే రెట్టా, కుళ్ళిన మేతా నీళ్ళతో పాటు బకెట్‌లోకి వచ్చేస్తాయి.

ఎన్ని నీళ్ళు తియ్యాలి? నాలుగోవంతు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది సుమారు 56 లీటర్లు. అంటే నాలుగు బిందెలకు కొంచెం అటూ ఇటూ. వారానికి ఒక బిందె తీసి, ఒక బిందె పొయ్యాలన్నమాట. పోసే నీళ్ళు నల్లా నీళ్ళయితే అందులో క్లోరిన్ ఉంటుంది, చేపల మొప్పలు దానికి తట్టుకోలేవు. వెడల్పు మూతిగల బకెట్‌లో ఒక రోజంతా తెరిచి ఉంచి, మరునాడు పొయ్యండి. తీసిన నీళ్ళను మోరీలో పొయ్యకండి. అందులో ఉన్నదంతా ఎరువే గదా! తులసికోటలో, మల్లెపాదులో, కరివేపాకు మొక్కకు పోస్తే వారానికి ఒకసారి మందు వేసినట్టే.

ఇక వెలుతురు. తొట్టికి ఎండ తగలకూడదు. లైటు రోజుకు ఆరేడు గంటలకు మించి వద్దు. పిల్లలు ముచ్చటపడి రాత్రి పన్నెండు దాకా వెలిగించి ఉంచితే అది చేపలకూ నిద్ర చెరుపు, పాచికీ పండగ. నీళ్ళు పచ్చబడిన తొట్టికి, నీలాకుపచ్చ పొర పట్టిన తొట్టికి ఒక చిట్కా ఉంది. నీళ్ళు కొంత మార్చి, లైటు ఆర్పి, మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి చీకటి చెయ్యండి. గాలిమోటారు మాత్రం ఆపకండి. ఆ నాలుగు రోజులూ మేత చాలా తగ్గించండి. తర్వాత మళ్ళీ నాలుగోవంతు నీళ్ళు మార్చి, చచ్చిన పాచిని గొట్టంతో తీసెయ్యండి.

చివరిది, అన్నింటికంటే ముఖ్యమైనది మేత. రెండు నిమిషాల్లో చేపలు తిని ముగించినంతే వెయ్యాలి. మన ఇళ్ళలో చిక్కేమిటంటే, పొద్దున తాత ఒక చిటికెడు, బడినుంచి వచ్చి మనవడు ఒక చిటికెడు, "పాపం, నోళ్ళు తెరుస్తున్నాయి" అని సాయంత్రం అవ్వ ఇంకో చిటికెడు వేస్తారు. ఎదురు పెట్టకుండా ఉండలేని చేతులు మనవి! కాని చేప ఎప్పుడూ నోరు తెరుస్తూనే ఉంటుంది, అది ఊపిరి తీసుకోవడం. మేత డబ్బా ఒకరి చేతిలోనే ఉంచండి. పెద్ద చేపలకు వారానికి ఒకపూట ఉపవాసం పెట్టినా ఏమీ కాదు. శనివారం మనం ఉంటామే, అట్లాగే అనుకోండి.

చెయ్యకూడనివి

తొట్టి మొత్తం ఖాళీచేసి, సబ్బు పెట్టి, రాళ్ళతో సహా తళతళలాడేట్టు కడిగి, కొత్తనీళ్ళు పోసి చేపల్ని వేస్తే చాలాచోట్ల రెండు మూడు రోజుల్లో చేపలు చచ్చిపోతాయి. "గింత మంచిగ కడిగినం, ఎట్ల చచ్చిపోయినయ్ అక్కా?" అని అడుగుతారు. ఇందాక చెప్పిన మంచి సూక్ష్మజీవులు కడుగుడుతో కొట్టుకుపోయాయి. అమ్మోనియాను మార్చేవాళ్ళు లేరు. మన బోరునీళ్ళకు క్షారగుణం ఉంటుంది. అటువంటి నీళ్ళలో అమ్మోనియా మరింత విషమవుతుంది. మళ్ళీ ఆ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకని ఫిల్టరు స్పాంజిని కూడా నల్లా కింద కడగకండి. తొట్టినుంచి తీసిన పాతనీళ్ళ బకెట్‌లోనే నాలుగుసార్లు పిండి పెట్టెయ్యండి.

మైలుతుత్తం వేస్తే పాచి పోతుందని కొందరు చెబుతారు. పాచి పోయేమాట నిజమే. నత్తలూ పోతాయి, మోతాదు మించితే చేపలూ పోతాయి. అంతేకాదు. పాచి అంతా ఒక్కసారి చస్తే అది కుళ్ళేటప్పుడు నీళ్ళలోని ప్రాణవాయువును లాగేస్తుంది. ఎండాకాలం వేడినీళ్ళలో ప్రాణవాయువు ముందే తక్కువ. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు ఎగబీలుస్తూ కనిపిస్తే ఆ ప్రమాదం వచ్చిందని గుర్తు. వెంటనే గాలిమోటారు పెంచి, కొంత నీళ్ళు మార్చాలి.

ఉప్పునీటి తొట్టి సంగతి

హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు ఉప్పునీటి తొట్టి పెట్టుకుంటున్నారు. సముద్రపు చేపలు, పగడాలు ఉండే తొట్టి అది. పగడం మనకు ఉంగరంలో రాయిగానే తెలుసు గాని, సముద్రంలో అది ప్రాణమున్న జీవి. దాని మీద పాచి కప్పితే వెలుతురు అందక చచ్చిపోతుంది. కనుక అక్కడ పాచి ఇంకా పెద్ద బెడద. రకాలు మాత్రం మన ఇంట్లోవాటికి చుట్టాలే. గోధుమ దుమ్ము, పచ్చ దారాలు, ముదురెరుపు రంగులో జిగట పొర. ఇవి కాక గాజుపూసల్లా గుండ్రంగా ఉండే పాచి ఒకటి. ఆ పూసల్ని చిదపకుండా తియ్యాలంటారు. తొట్టిలో తగ్గిన నీళ్ళకు బదులు ఆర్.ఓ. నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. ఉప్పు ఆవిరి కాదు గదా! మిగిలిన సూత్రం మనదే – మేత తక్కువ, వెలుతురు కొలతగా, వారంవారం నీళ్ళ మార్పు. ఒకటి మాత్రం గుర్తుంచుకోమనండి. మన దేశంలో రాతిపగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రంలోంచి తెచ్చిన పగడాన్ని కొనడం, అమ్మడం నేరం.

పాచి తినే చేప

ఇప్పుడు మొదట చెప్పిన నల్ల చేప దగ్గరికి వద్దాం. అంగళ్ళలో దీన్ని సక్కర్ అంటారు. నోరు కడుపు వైపు ఉండి, అద్దానికి జలగలా అతుక్కుంటుంది. పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొన్నప్పుడు వేలెడంత ఉంటుంది, చిన్నతనంలో పాచి కాస్త తింటుంది. కాని అది అడుగుకు మించి పెరుగుతుంది. పెరిగినకొద్దీ పాచి మీద మోజు తగ్గి, మిగతా చేపల మేతకే అలవాటు పడుతుంది. అంత పెద్ద చేప వేసే రెట్ట ఎంతుంటుంది? అంటే పాచి తగ్గించడానికి తెచ్చిన చేపే పాచికి ఎరువు వేస్తుందన్నమాట!

అప్పటికి తొట్టి చాలదు. చంపడానికి చేతులు రావు. "ప్రాణమున్న జీవి, చెరువులో వదిలితే బతుకుతుంది, పుణ్యం" అనుకుంటాం. బతుకుతుంది. అదే చిక్కు. నీళ్ళలో ప్రాణవాయువు లేకపోతే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. ఒంటి నిండా కవచంలా గట్టి పెంకులు, రెక్కలకు ముళ్ళు. గట్లల్లో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, జలాశయాల్లో ఇది ఇప్పుడు చాలాచోట్ల పడుతోంది. జాలర్లు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నీళ్ళలో కలిసిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళను బట్టి ఇది ఎక్కడెక్కడ చేరిందో పట్టే పద్ధతి కూడా తయారుచేశారంటే, ఎంత దూరం పాకిందో ఊహించుకోండి.

బొచ్చె, రవ్వ, కొర్రమీను పడతాయని ముదిరాజులు, గంగపుత్రులు తెల్లవారుజామున వల వేస్తారు. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో వదిలిన చేపపిల్లల మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. వల బరువుగా వస్తుంది. తీరా చూస్తే ఈ నల్ల చేపలు. అంగట్లో కొనేవాడు లేడు. ముళ్ళకు చిక్కి వల చిరుగుతుంది. ఆ వల కుట్టుకునేదీ, ఆ పూట గంపలో చేపలు లేక అంగడికి వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయేదీ మనలాంటి ఆడదే. మన ముందుగదిలో పాచి గీకే అయిదు నిమిషాల పని తప్పించుకోవడానికి మనం చేసిన పుణ్యం, ఆమె గంప మీద పడుతోంది.

తొట్టిలోది బయటికి పోతే ఏమవుతుందో లోకం ఇంతకుముందే చూసింది. సముద్రపు తొట్లలో అందం కోసం పెంచే ఒక పచ్చటి పాచి ఉంది. కాలెర్పా దాని పేరు. 1984లో ఐరోపాలో మొనాకో సముద్ర మ్యూజియం గోడ కింద, సముద్రంలో సుమారు ఒక చదరపు మీటరు మేర అది కనిపించింది. అప్పుడే తీసేస్తే గంటపని. ఊరుకున్నారు. అది మధ్యధరా సముద్రం అడుగున వేల ఎకరాలకు పాకింది. అదే పాచి 2000లో అమెరికాలో కాలిఫోర్నియా తీరాన ఒక ఉప్పునీటి మడుగులో కనిపిస్తే, వాళ్ళు ఊరుకోలేదు. దానిమీద నల్లటి టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ పంపి, వెతికి వెతికి తీశారు. పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. 70 లక్షల డాలర్ల దాకా ఖర్చయింది. మన గుర్రపుడెక్క మాత్రం? పూల అందం చూసి పందొమ్మిదో శతాబ్దంలో బయటి దేశం నుంచి తెచ్చుకున్నదే గదా! ఇప్పుడు ఎన్ని చెరువుల్ని మింగిందో చూస్తూనే ఉన్నాం.

మరి ఆ నల్ల చేప ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే? కొన్న అంగడికే తిరిగి ఇచ్చెయ్యండి. లేకపోతే పెద్ద తొట్టి ఉన్నవారికి అప్పగించండి. చెరువులో వద్దు, వాగులో వద్దు, గుడి కోనేట్లో వద్దు, పాడుబడ్డ బాయిలోనూ వద్దు. తొట్టినుంచి తీసిన పాచినీ, మొక్కల్నీ ఎండలో గలగలలాడేట్టు ఎండబెట్టి ఎరువుగుంతలో వెయ్యండి. పాచి తినే తోడు కావాలనుకుంటే మన గట్టినీళ్ళలో బాగా బతికే మోలీలు ఉన్నాయి, దారాల పాచిని కొరుకుతాయి. వాటినైనా సరే, తొట్టి దాటనివ్వకండి.

పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పండి. తొట్టి కొనిచ్చేముందే, "వారానికి ఒక బిందె నీళ్ళు నువ్వే మార్చాలి బిడ్డా" అని ఒప్పందం చేసుకోండి. పదేళ్ళ పిల్లకైనా, పిల్లవాడికైనా గొట్టంతో నీళ్ళు తీసే పని ఆటలా ఉంటుంది. ప్రాణమున్నదాన్ని ఇంటికి తెచ్చుకుంటే దాని చాకిరీ కూడా తెచ్చుకున్నట్టేనని వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.

ఈ ఆదివారం తొట్టి దగ్గర ఒక్క అరగంట కూర్చొని, మీ ఇంట్లో పడింది ఈ అయిదింటిలో ఏ పాచో పోల్చి చూడండి. లైటు ఎన్ని గంటలు వెలుగుతోందో, మేత ఎన్ని చేతులు వేస్తున్నాయో లెక్క వెయ్యండి. మందుసీసా అవసరమే రాదు.